బంతియాట – బంతిభోజనము

తెలుగులో బంతి అను మాటకు రెండర్థములు వాడుకలో కలవు. పిల్లలు మైదానములో తన్ని ఆడుకొనునది ఒక బంతి. పెండ్లిపందిట విస్తళ్లు పరచి, నలుగురు వరుసగా కూర్చుండి భుజించునది మరియొక బంతి. ఈ రెండింటికిని మాటలో తప్ప సంబంధము లేదనుకొందుము. కాని ఫుట్‌బాల్ ఆట చరిత్రను కొంచెము తరచి చూచినచో మొదటి బంతి రెండవ బంతి కొరకే పుట్టిన సందర్భము ఒకటి స్పష్టముగా కనబడును. ఆకలిగొన్న పిల్లలకు అన్నము పెట్టుటకై కొందరు ఒక ఆటసంఘమును స్థాపించిరి. ఆ సంఘము పెరిగి, ధనవంతమై, తాను ఎందులకు పుట్టినదో కొంతకాలము మరచి, మరల జ్ఞప్తికి తెచ్చుకొనెను. ఆ కథయు, దానికి ముందువెనుకల నున్న కథలును నేటి ప్రసంగమునకు విషయములు.

సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతముల శ్రోతలు "ఎక్కడి గ్లాస్గో, ఎక్కడి ఉద్దానము! ఈ ముచ్చట మాకెందులకు?" అని అడుగవచ్చును. అడుగుట న్యాయమే. మన సముద్రతీరమున పేరుమోసిన ఫుట్‌బాల్ క్లబ్బు లేదు. అయినను దేహబలమును గౌరవించు సంప్రదాయము ఉత్తరాంధ్రకు క్రొత్త కాదు. ఊరూర తాలింఖానాలు వెలసిన సీమ ఇది. కలియుగ భీముడని లోకము కొనియాడిన కోడి రామమూర్తి నాయుడుగారు వీరఘట్టమున జన్మించిరి. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొట్టమొదటి భారత మహిళ ఆమెయే. ఇక ధర్మకార్యముల మాటకు వచ్చినచో, సోంపేట పేరు మహాసముద్రముల కావలి చరిత్రలోనే ఎక్కియున్నది. ఆ సంగతి తగిన చోట విన్నవింతును. బలమున్నది, ధర్మమున్నది, ఈ రెంటిని జతపరచు పద్ధతిని ఇతరులు ఎట్లు కనుగొనిరో, ఎక్కడ తప్పటడుగు వేసిరో తెలిసికొనుట మనకు లాభము.

ఫుట్‌బాల్ నియమములను ఒక త్రాటిమీదికి తెచ్చిన ఇంగ్లీషు సంఘము 1863 అక్టోబరులో లండనున ఏర్పడెను. అప్పటికిది చదువుకొన్న శ్రీమంతుల బిడ్డల ఆట. దానిని కూలినాలి జనము చెంతకు చేర్చినవి రెండు. మొదటిది శనివారపు ఒంటిపూట సెలవు. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టము నూలుమిల్లులను శనివారము మధ్యాహ్నము రెండు గంటలకు మూయవలెనని శాసించెను. ఆ మిగిలిన సగము దినమే ఆటకు పుట్టినిల్లు. రెండవది చర్చి. పొగ క్రమ్మిన పేటలలో యువకులు సారాయంగళ్లకును, వీధికొట్లాటలకును బలియగుచుండగా, మతగురువులును ఉపాధ్యాయులును వారి చేతికి, కాదు, కాలికి బంతి నిచ్చిరి. నేడు కోట్ల ధనముతో తులతూగు క్లబ్బులలో పెక్కింటి పుట్టుక ఇట్టిదే. ఆస్టన్ విల్లా 1874 లో ఒక మెథడిస్టు ప్రార్థనామందిరపు యువకులు పెట్టుకొన్నది. ఎవర్టన్ 1878 లో లివర్‌పూలున అట్టి మరియొక మందిరములో పుట్టెను. 1880 లో మాంచెస్టరు తూర్పుభాగమున, పేదలు క్రిక్కిరిసిన వెస్ట్ గోర్టనులో సెయింట్ మార్క్ చర్చివారు పెట్టిన జట్టే నేటి మాంచెస్టర్ సిటీ. కావున పేదపేటకు మేలు చేయుట అనునది క్లబ్బులు డబ్బు వచ్చిన తరువాత నేర్చిన మర్యాద కాదు. వాటి జన్మకారణమే అది.

ఇందరిలోను కథ మిక్కిలి తేటగా కనబడునది స్కాట్లండు దేశమున, గ్లాస్గో నగరమున. ఐర్లండులో 1845 మొదలు కొన్ని యేండ్లు బంగాళాదుంప పంట కుళ్లిపోయి ఘోరమైన క్షామము వచ్చెను. లక్షల కొలది జనము చనిపోయిరి. లక్షల కొలది ఓడలెక్కి వలసపోయిరి. అట్లు గ్లాస్గో తూర్పుపేటలకు చేరినవారు అతి తక్కువ కూలికి అతి కఠినమైన పనులు చేయుచు ఇరుకు గదులలో కాపురము చేసిరి. ఇది వినునప్పుడు మనకు మన పెద్దల కాలము గుర్తుకు రాకమానదు. 1866 లో ఒరిస్సాను, దానితోపాటు గంజాం జిల్లాను పీడించిన క్షామము ఈ ప్రాంతపు చరిత్రలో చెరగని మచ్చ. సోంపేట అప్పుడు గంజాం జిల్లాలోనిది. 1936 లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950 లో శ్రీకాకుళము జిల్లా భాగమయ్యెను. ఆ గంజాం, విశాఖ తీరములనుండియే జనము రంగూను రేవుకును, బియ్యపు మిల్లులకును, తరువాత ఖరగ్‌పూరు రైలు కార్ఖానాకును వలసపోయిరి. పొట్ట చేతబట్టుకొని పరదేశము పోయినవాని బ్రతుకు గ్లాస్గోలో నైనను, రంగూనులో నైనను ఒక్కటియే.

ఆ గ్లాస్గో తూర్పుపేటలో సేక్రెడ్ హార్ట్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండినవాడు బ్రదర్ వాల్‌ఫ్రిడ్. ఆయన అసలు పేరు ఆండ్రూ కెరిన్స్. 1840 లో ఐర్లండులోని బాలిమోట్ అను ఊర పుట్టి, క్షామపు దినములను చిన్ననాడే చూచిన వాడు. బడికి వచ్చు పిల్లలు ఆకలితో వచ్చుచుండిరి. ఆకలిగొన్న బిడ్డకు అక్షరము తలకెక్కదని ఉపాధ్యాయునికి వేరొకరు చెప్పనక్కరలేదు. తన తోటివారితో కలిసి ఆయన బీదపిల్లలకు భోజనపు బల్లలు ఏర్పాటు చేసెను; ఒక్క పెన్నీకి వేడి అన్నము పెట్టుచుండిరి. కాని ఖర్చు పెరిగెను, చందాలు చాలకపోయెను. 1887 లో ఎడింబరో నగరపు ఐరిష్ వారి జట్టు హిబర్నియన్ స్కాటిష్ కప్పు గెలిచినప్పుడు గ్లాస్గోలోని ఐరిష్ జనము పొందిన సంబరమును ఆయన గమనించెను. పేదవాడు చందా అడిగిన నీయలేడు గాని ఆట చూచుటకు మాత్రము నాలుగు కాసులు తెచ్చును. ఆ కాసులు చేరిన చోట పిల్లల కంచములు నిండును. ఇదియే ఆయన ఆలోచన.

1887 నవంబరు 6 వ తేదీన సెయింట్ మేరీ చర్చి హాలులో సభ జరిగి సెల్టిక్ క్లబ్బు స్థాపింపబడెను. మరుసటి సంవత్సరము జనవరిలో చందాలు కోరుచు పంచిన పత్రికలో క్లబ్బు ముఖ్యోద్దేశము దాపరికము లేకుండ చెప్పబడినది: మూడు చర్చిల పరిధిలోని పేదపిల్లల భోజనపు బల్లలను నడపుటకు ధనము చేకూర్చుట. ఆటస్థలమును పేటలోని జనము తమ చేతులతోనే చదును చేసిరి. 1888 మే 28 న తొలి పందెము రేంజర్స్ జట్టుతో జరిగెను. సెల్టిక్ 5 గోలులు, రేంజర్స్ 2. లోకమున అతి తీవ్రమైన ఆటవైరములలో ఒకటిగా పేరొందిన ఆ జంట జట్ల తొలి సమావేశము, చిత్రముగా, పిల్లల అన్నము కొరకు జరిగినదే.

ఇంతవరకు కథ మంగళకరము. ఇక ముందున్నదే మనము జాగ్రత్తగా వినవలసిన భాగము. క్లబ్బు గెలుచుకొలది జనము పెరిగెను, రాబడి పెరిగెను. 1892 లో బ్రదర్ వాల్‌ఫ్రిడ్‌ను ఆయన మతసంఘము లండనుకు బదిలీ చేసెను. 1897 లో క్లబ్బు పరిమిత బాధ్యత గల కంపెనీగా మారెను. కంపెనీ యన్న తరువాత వాటాదారులుందురు. వాటాదారులకు లాభాంశము పంచవలెను. ధర్మము క్రమక్రమముగా వెనుకబడెను. ఎవరును దుర్మార్గులు కారు. ఎవరును పిల్లల కంచము లాగికొనవలెనని తీర్మానము చేయలేదు. ధర్మమును ఒక మనిషి మనస్సు మీద నిలిపిరే గాని నియమావళిలో బంధింపలేదు. ఆ మనిషి ఊరు విడువగానే అది సడలిపోయెను. సుమారు 100 ఏండ్ల తరువాత, 1995 లో, ఆ క్లబ్బు తన ధర్మనిధిని ప్రత్యేకముగా ఏర్పాటు చేసి పుట్టుకనాటి మాటను మరల చేపట్టెను. 2005 లో మైదానము ముందర వాల్‌ఫ్రిడ్ విగ్రహమును నిలిపిరి. విగ్రహము కంటె నిధియే ఆయనకు తగిన స్మారకమనుటలో సందేహము లేదు.

ధర్మము పేర పందెములాడుట ఆనాడు సెల్టిక్ ఒక్కదాని అలవాటు కాదు. గ్లాస్గో వర్తకులు 1870 ల లోనే ధర్మార్థమొక కప్పును నెలకొల్పిరి. ఇంగ్లండున 1908 లో చారిటీ షీల్డ్ అను వార్షిక పందెము మొదలయ్యెను. దాని వసూళ్లు ఆస్పత్రులకును, బీదసాదలకును చేరుచుండెను. అయితే 2002 లో ఆ పందెమునకు పేరు మార్చవలసి వచ్చెను. టిక్కెట్టు సొమ్ములో ఎంత భాగము ధర్మమునకు పోవుచున్నదో సరిగా తెలుపుట లేదని, సొమ్ము పంపిణీలో ఆలస్యము జరుగుచున్నదని ధర్మసంస్థలను పర్యవేక్షించు కమిషను ఆక్షేపించెను. అటుపిమ్మట అది కమ్యూనిటీ షీల్డ్ అయినది. బంతిలో వలపక్షము పనికిరాదని మన పెద్దలనిరి. లెక్కలు తెలియని చోట వలపక్షము లేదని ఎట్లు చెప్పగలము? ధర్మకార్యమునకు దయ ఎంత ముఖ్యమో, పద్దుపుస్తకము అంత ముఖ్యము.

ఈ సందర్భమున కొందరు స్త్రీల ప్రస్తావన చేయకుండుట అన్యాయము. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ప్రెస్టన్ నగరములో డిక్ కెర్ అను కార్ఖానాలో మందుగుండు సామగ్రి చేయు ఆడకూలీలు ఫుట్‌బాల్ జట్టు కట్టిరి. 1917 క్రిస్మస్ దినమున వారాడిన పందెమునకు 10,000 మంది వచ్చిరి. గాయపడిన సైనికుల ఆస్పత్రికి సుమారు 600 పౌనులు వసూలైనవి. 1920 డిసెంబరు 26 న లివర్‌పూలులోని గుడిసన్ పార్కున వారి ఆటకు 53,000 మంది వచ్చిరి. ధర్మనిధికి 3,000 పౌనులకు పైగా చేరెను. మరుసటి సంవత్సరమే, 1921 డిసెంబరు 5 న, ఆట స్త్రీలకు తగదనియు, వసూళ్లలో ఖర్చులకే అధికభాగము పోవుచున్నదనియు చెప్పి, ఫుట్‌బాల్ సంఘము తన క్లబ్బుల మైదానములను స్త్రీలకు మూసివేసెను. ఆ నిషేధము దాదాపు 50 ఏండ్లు సాగెను. ఆకలికి, గాయమునకు అన్నమును మందును తెచ్చి యిచ్చిన చేతులనే వాకిట నిలిపివేసిరి. ధర్మము చేయు హక్కును గూడ అధికారము గలవారు తమ చేతిలో ఉంచుకొన జూతురనుటకు ఇది సాక్ష్యము.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆట మరింత వ్యాపారమయ్యెను. పేటకును క్లబ్బుకును నడుమ దూరము పెరిగెను. 1980 ప్రాంతపు సంవత్సరములు ఇంగ్లండునకు దుర్దినములు. కార్ఖానాలు మూతపడినవి, యువకులకు పనులు లేవు, మైదానములలో అల్లరిమూకల కొట్లాటలు సామాన్యమైనవి. 1985 మే నెలలో బ్రాడ్‌ఫర్డు మైదానపు చెక్కగ్యాలరీ అంటుకొని 56 మంది చనిపోయిరి. అదే నెలలో బ్రస్సెల్స్ నగరపు హేజెల్ మైదానమున తొక్కిడిలో 39 మంది మరణించిరి. అప్పుడు, 1986 లో, ఆటగాండ్ర వృత్తిసంఘము వాయవ్య ఇంగ్లండులోని 6 క్లబ్బులలో ఒక ప్రయత్నము చేసెను. నిరుద్యోగ యువకులకు శిక్షణ నిచ్చి, వారిని బడులకు, పేటలకు పంపి పిల్లలచేత ఆటలాడించుటయే ఆ ప్రయత్నము. వారములో ఒక్కనాడు తెరచి ఆరునాళ్లు మూసియుంచు మైదానపు తలుపులు ఊరి కొరకు తెరువబడెను. చిన్నగా మొదలైన ఆ పని కాలక్రమమున దేశమంతట వ్యాపించెను. నేడు ఇంగ్లండున పెద్ద క్లబ్బులన్నింటికిని చట్టబద్ధముగా నమోదైన ప్రత్యేక ధర్మసంస్థలు కలవు. క్లబ్బు గెలిచినను ఓడినను, యజమాని మారినను, ధర్మసంస్థకు వేరు పాలకవర్గము, వేరు లెక్క, వేరు తనిఖీ ఉండును. వాల్‌ఫ్రిడ్ నాడు లోపించిన కట్టు ఇదియే.

ఈ సంస్థలు చేయు పనులు ఎట్టివో ఒక్క ఉదాహరణముతో చెప్పెదను. నడివయస్సు పురుషులు ఆస్పత్రికి పోవుటకు ఇష్టపడరు. స్థూలకాయము తగ్గించుకొనుడని వైద్యుడు చెప్పిన వినరు. స్కాట్లండులో 35 మొదలు 65 ఏండ్లలోపు స్థూలకాయులను వారి అభిమాన క్లబ్బుల మైదానములకే పిలిచిరి. 12 వారములపాటు క్లబ్బు శిక్షకులే వారిచేత నడిపించి, ఆడించి, తిండి విషయమున బుద్ధి చెప్పిరి. ఇది నిజముగా ఫలించునా యని 13 క్లబ్బులలో 747 మందిపై శాస్త్రీయముగా పరీక్షించి, ఫలితములను 2014 లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఏడాది గడచిన తరువాత, కార్యక్రమములో చేరినవారికిని చేరనివారికిని బరువు తగ్గుదలలో సగటున దాదాపు 5 కిలోల తేడా కనబడెను. మందు క్రొత్తది కాదు, మాట క్రొత్తది కాదు. చెప్పిన చోటు మాత్రము క్రొత్తది. తాను చిన్ననాటినుండి ప్రేమించిన మైదానములో, తన జట్టు రంగు చొక్కా తొడిగిన శిక్షకుడు చెప్పిన మాటను ఆ మనిషి వినెను. క్లబ్బు చేతిలోనున్న అసలైన సంపద ధనము కాదు, జనుల నమ్మకము.

అయితే ధర్మము ఒక్కటి చేసిన క్లబ్బు ఋణము తీరునా? ఈ ప్రశ్న అక్కడి సామాన్య ప్రేక్షకులే వేసిరి. 2015 లో లివర్‌పూలు నగరమున, ఆటలో బద్ధవిరోధులైన రెండు క్లబ్బుల అభిమానులు చేతులు కలిపి, ఆటనాడు మైదానముల వెలుపల బీదల కొరకు ఆహారపదార్థములు సేకరింప నారంభించిరి. ఆ మరుసటి ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్బు ఒక టిక్కెట్టు ధరను 77 పౌనులు చేయదలచినప్పుడు, వేలాదిమంది ప్రేక్షకులు ఆట 77 వ నిమిషమున లేచి వెలుపలికి నడచిరి. క్లబ్బు ఆ నిర్ణయమును మానుకొనెను. ఒక చేత ధర్మము చేయుచు, వేరొక చేత పేదవానిని మైదానమునుండియే గెంటివేయుట కూడదని వారి భావము. ఊరు పెంచిన క్లబ్బు ఊరికి చేయునది దానము కాదు, బాకీ తీర్చుట. ఈ దృష్టి మనకును అలవడవలెను.

ఇక మన దేశమునకు వత్తము. కలకత్తాలో మోహన్ బగాన్ 1889 లో పుట్టి, 1911 జూలై 29 న ఈస్ట్ యార్క్‌షైర్ సైనికదళపు జట్టును 2–1 తో ఓడించి షీల్డు గెలిచెను. ఆ గెలుపు పరాధీన జాతికి ఆత్మవిశ్వాసమును పంచిపెట్టిన దానము వంటిది. ఆ నగరమున ముఖ్యమైన లీగు పందెములను చారిటీ మ్యాచిలుగా ప్రకటించి, వసూళ్లను సత్కార్యములకు వినియోగించు వాడుక చిరకాలముండెను. తెలుగుదేశమున ఫుట్‌బాలునకు రాజధాని హైదరాబాదు. అచటి సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు స్వయముగా బడిపంతులు. 1951 లోను, 1962 లోను ఆసియా క్రీడలలో భారతదేశమునకు స్వర్ణము తెచ్చిన శిక్షకుడు. సికింద్రాబాదు అమ్ముగూడలో బీదయింట పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆటను చూచి ఆయన శిక్షణకు రమ్మనెను. రాకపోకలకు సొమ్ము లేదని కుర్రవాడు చెప్పగా, సైకిలుకు కావలసిన సొమ్ము రహీంగారే సమకూర్చెనని బలరామ్ తరువాత చెప్పుకొనిరి. ఆ కుర్రవాడు 1956 లో మెల్‌బోర్న్, 1960 లో రోమ్ ఒలింపిక్సులలో భారతదేశము తరపున ఆడెను. ఒక సైకిలు ఖర్చు ఎంత దూరము నడచినదో చూడుడు.

ఆటకును ధర్మమునకును ముడివేసిన సంస్థ నేటి ఆంధ్రప్రదేశమున అనంతపురములో కలదు. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ 1969 లో అచటికి వచ్చి గ్రామీణాభివృద్ధి ట్రస్టును నెలకొల్పెను. కరవుసీమలో నీరు, వైద్యము, విద్య అను వాటితో మొదలుపెట్టిన ఆ ట్రస్టు తరువాత పల్లెపిల్లలకు ఆటలను గూడ అందించెను. 2010 లో టెన్నిసు వీరుడు రఫెల్ నదాల్ పేర నున్న సంస్థ అచట టెన్నిసు పాఠశాల తెరచెను. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగు లా లీగా వారి ధర్మసంస్థయు ట్రస్టుతో కలిసి బాలబాలికల ఫుట్‌బాలునకు తోడ్పడినది. గ్లాస్గోలో క్లబ్బు ధర్మమును పోషించెను. అనంతపురములో ధర్మసంస్థ ఆటను పోషించెను. త్రోవ తలక్రిందులైనను గమ్యమొక్కటియే.

దీనికి మారుగా వేరొక అనుభవమును గూడ చూతము. 2019 లో హైదరాబాదు పేర వృత్తి ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటి ఏర్పడి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేతయై, 2025 లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకొనెను. నగరమునకు మిగిలినది జ్ఞాపకము. ఊరిలో వేరూనని క్లబ్బును కాగితముపై సంతకమొకటి ఎత్తుకొని పోగలదు. 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో 2 శాతమును సమాజము కొరకు వెచ్చింపవలెనని విధించి, క్రీడాశిక్షణను గూడ ఆ పద్దులో చేర్చినది. ధనమునకు త్రోవ ఏర్పడినది. కాని ధనము వచ్చి చేరుటకు ఊరిలో నిలువ నీడ గల సంఘముండవలెను గదా!

ఇప్పుడు సోంపేట కథ చెప్పెదనన్న మాట నిలుపుకొందును. కెనడా దేశపు బాప్టిస్టు మిషను వారు సోంపేటలో ఆరోగ్యవరమను ఆస్పత్రి నడపిరి. అందు పనిచేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ కంటిపొరలతో చూపు కోల్పోయిన బీదలకు శస్త్రచికిత్సలు చేయుచుండెను. 1963 లో కెనడాలోని కాల్గరీ నగరమున ఆర్ట్ జెంకిన్స్ అను వ్యాపారి ఆయన పని సంగతి తెలిసికొని, ఆ సేవకు ధనసహాయము చేయుటకై పూనుకొనెను. అట్లు పుట్టినదే ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ. సోంపేట ఆస్పత్రి కొరకు మొదలైన ఆ ప్రయత్నము తరువాత దక్షిణాసియాలోను, ఆఫ్రికాలోను అనేక దేశములకు విస్తరించెను. ఈ చిన్న ఊరి పేరు ఆ సంస్థ చరిత్రలో మొదటి పుటలోనిది. ఇది ఫుట్‌బాల్ క్లబ్బు చేసిన పని కాదు, అయినను సూత్రమొక్కటే. ఒక ఊరి జనము వేరొక ఊరి కష్టమును పేరుపెట్టి తెలిసికొనిరి, సాయమును ఒకనాటి ఉత్సాహమునకు విడువక సంస్థగా కట్టిరి. అందువలననే అది నిలిచినది.

నేడు ఉద్దానము కష్టమునకును పేరున్నది. కొబ్బరి, జీడి, పనస తోటలతో ఉద్యానవనమని పేరొందిన ఈ తీరమున, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో, మూత్రపిండముల వ్యాధి కొన్ని దశాబ్దములుగా ఇండ్లను కూల్చుచున్నది. మూలకారణమింకను పూర్తిగా తేలలేదు. ప్రభుత్వము డయాలిసిస్ కేంద్రములు పెట్టినది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రియు, వంశధార నీటిని హిరమండలమునుండి తెచ్చు త్రాగునీటి పథకమును ప్రారంభమైనవి. దానికి తోడు 2018 అక్టోబరు 11 వేకువన తీరము దాటిన తిత్లీ తుపాను ఒక్క పూటలో తోటలను నేలకూల్చినది. కొబ్బరిచెట్టు మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవరకు కాపుకు తిండి ఎవరు పెట్టుదురు? యువకులు వలసరైలు ఎక్కుచున్నారు.

ఈ వ్యాధి లక్షణము మనము విన్న స్కాట్లండు కథకు దగ్గరగా నున్నది. ఆరంభమున నొప్పి యుండదు, వాపు యుండదు. రక్తపరీక్ష చేసిన గాని తెలియదు. కాళ్లు వాచి వైద్యుని యొద్దకు పోవునప్పటికి మూత్రపిండములు చాలవరకు చెడియుండును. పనికి పోవు మగవాడు ఒంట్లో బాగున్నంతకాలము పరీక్షకు పోడు. ఒకనాటి కూలి పోవునని భయము, వ్యాధి బయటపడునేమోనని అంతకంటె పెద్ద భయము. అట్టివానిని ఆస్పత్రి పిలిచిన రాకపోవచ్చును. సంక్రాంతి పందెముల మైదానము పిలిచిన వచ్చును. మన పల్లెలలో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ జట్లు లేని ఊరు అరుదు. పండుగ పందెములకు చందాలు వేసికొనుట, పందిరి వేయుట, మైకు పెట్టుట వారికి వెన్నతో పెట్టిన విద్య. అదే పందిరి క్రింద ఒక మూల రక్తపరీక్షకు, రక్తపుపోటు చూచుటకు చోటిచ్చిన ఎంత మేలు! జట్టు నాయకుడే మొదట చేయి చాపినచో వెనుక నిలిచిన నలుగురికి జంకు తీరును. ప్రవేశపు రుసుములో ఒక పాలు, డయాలిసిస్‌కు పోయివచ్చు రోగుల బండి ఖర్చులకని ముందే తీర్మానించి, లెక్కను పందిట గోడకు అంటించినచో, ఆ జట్టును ఊరు మరువదు.

ఇందుకు లక్షలు అక్కరలేదు. గ్లాస్గో పంతులు పెన్నీలతోనే మొదలుపెట్టెను. కాని ఆయన కథ మనకు మూడు హెచ్చరికలు చేయుచున్నది. ధర్మమును ఒక మనిషి మంచితనము మీద నిలుపక నియమావళిలో వ్రాసికొనవలెను. ఆటసొమ్ము వేరు, ధర్మపుసొమ్ము వేరుగా పద్దులుంచి పదిమందికి చూపవలెను. సాయము పొందువాడు చేయి చాచు వాడు కాడు, తన పక్కనే విస్తరి ముందు కూర్చుండ తగినవాడని తలపవలెను. నీరు, వైద్యము అందించుట ప్రభుత్వ ధర్మము. ఏ క్లబ్బును దానికి మారు కాజాలదు, కారాదు. కాని ప్రభుత్వపు మందు ఇంటిగడప వరకు వచ్చిన తరువాత, దానిని తీసికొనుమని భుజము తట్టి చెప్పు స్నేహితుడు కావలెను. ఆ స్నేహితుని స్థానమే ఆటసంఘమునకు తగినది.

బంతియాటలో ఒక జట్టు గెలుచును, ఒక జట్టు ఓడును. బంతిభోజనమున గెలుపోటములు లేవు. చివరి విస్తరి వరకు వడ్డన చేరినదా లేదా అనునదే లెక్క. ఉద్దానపు తీరమున సాయంకాలము ఇసుకలో బంతి తన్ను పిల్లలకు ఈ రెండవ లెక్కను గూడ నేర్పవలసిన పెద్దలము మనమే.